పేర్లు పడేటప్పటి రాగం

మా ఆవిడ నా గురించి పాతికేళ్ళుగా ఒకటే మాట అంటోంది: "ఈయన నోట్లో నువ్వుగింజ నానదు." పెళ్ళయిన కొత్తలో ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఉడుక్కోను. ఆ మాట ఎంత నిజమో, దానివల్ల ఒక మనిషి బతుకులో ఏం పోయిందో మా ఆవిడకన్నా నాకే బాగా తెలుసు.

ఆ మధ్య మస్కట్ నుంచి వచ్చిన మా ఎదురింటివాళ్ళు వీడియో తెచ్చి, సినిమా వేసి వీధంతటినీ పిలిచారు. సినిమాహాల్లో ఆపరేటరు పని చేసినవాణ్ణని నాకు మాత్రం కుర్చీ వేశారు. ఏం బొమ్మా అని చూద్దును కదా, డెబ్భైల్లో రాజోలులో మా హాల్లో నా చేతుల మీదుగా మూడు వారాలు ఆడిన సినిమా. పేర్లు మొదలయ్యాయో లేదో, ఆ ఇంటి కుర్రాడు ఏదో మీట నొక్కాడు. పేర్లన్నీ గబగబా పరిగెత్తాయి. సంగీతం నోరు మూసుకుంది.

"ఎందుకయ్యా తోసేస్తున్నావు?" అన్నాను.

"పేర్లే కదండీ, కథింకా రాలేదు" అన్నాడు.

లేచి ఇంటికొచ్చేశాను. ఇచ్చిన కాఫీ కూడా తాగలేదు. వాళ్ళు నొచ్చుకునే ఉంటారు. నొచ్చుకోనీ. ఆ సినిమా పేరు మాత్రం నన్నడక్కండి, చెప్పను. అందులోని రాగం పట్టుకున్న ఒకావిడ పేరూ చెప్పను. ఇన్నేళ్ళకి ఆ మాత్రం బుద్ధి వచ్చింది.

అసలు ఆ కుర్రాణ్ణి అనడానికి నాకేం హక్కుంది? సినిమా మొదట్లో పేర్లు పడే ఆ మూడు నాలుగు నిమిషాలూ ఎవరికీ అక్కర్లేదు. జనం సోడాకాయ చేత్తో పట్టుకుని బెంచీ వెతుక్కునే సమయం అది. ప్రింటు మా ఊరు చేరేసరికి ఎన్నో ఊళ్ళు తిరిగి, మొదటి రీలు తలంతా చిరిగిపోయి ఉండేది. చిరిగినంత మేర కత్తిరించి అతికించేవాణ్ణి. ఆట ఆలస్యమైతే ప్రొప్రయిటరుగారు "పేర్లు లేపేయవయ్యా" అనేవారు. లేపేసేవాణ్ణి. అన్నేళ్ళలో ఒక్క ప్రేక్షకుడు కూడా ఇదేమిటని అడగలేదు. అడిగింది ఒక్కావిడే. ఆవిడ ప్రేక్షకురాలు కాదు.

ఒక పొద్దుట నేను హాలు గేటు దగ్గర నిలబడి ఉంటే వచ్చింది. సన్నటి మనిషి, నలభై దాటి ఉంటాయి. తెల్లచీర, నల్లగొడుగు, కొప్పులో దోపిన పెన్సిలు. మిషన్ బడిలో టీచరుగారని అందరికీ తెలుసు. క్రైస్తవుల గుళ్ళో హార్మోనియం వాయించేది కూడా ఆవిడే.

"మీరేనాండీ ఆపరేటరుగారు?"

"ఆయ్."

"నిన్న ఫస్టు షోకి మొదట్లో కొంచెం కోసేసేరండి. వీణ వచ్చే చోటు. మొన్న ఉందండి, నిన్న లేదు."

నేను తెల్లబోయాను. "నిన్న ఆటకొచ్చేరాండి?"

"లేదండి. మా వంటింట్లో ఉన్నానండి."

ఆవిడ ఇల్లు మా హాలు వెనకాల, దడికి అవతల. తెరకి వెనక ఉంటాయి కదా స్పీకర్లు, వాటికి తిన్నగా ఆవిడ వంటింటి కిటికీ. బాల్కనీ టిక్కెట్టు కొన్నవాడికన్నా ఆవిడకే బాగా వినపడేది. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి ఆ గుళ్ళోనే వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేసి పోయారు, తల్లి అంతకుముందే పోయింది. అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఎవరూ లేరు. గుళ్ళో పెట్టె వాయించే మనిషి సినిమా చూడకూడదని సంఘ పెద్దల కట్టడి. ఆవిడ అది తప్పలేదు.

"చూడనని మాటిచ్చేనండి. విననని ఇవ్వలేదు" అంది ఒకసారి. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

పాటలంటే ఆవిడకి పెద్ద ఇష్టం లేదు. కథ అసలు అక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకి అన్నం ఎసట్లో పోసి, మా హాల్లో గంట వినపడగానే పంపు స్టవ్వు ఆర్పేసేది. ఆ స్టవ్వు బుస్సుమని చేసే చప్పుడులో సంగీతం వినపడదని. పేర్లయ్యాక కిటికీ వేసేసి మళ్ళీ వెలిగించేది. అన్నం ఉడుకుతూ ఉడుకుతూ మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది?

"మా ఇంట్లో రోజూ పలుకన్నమేనండి" అనేది. "పర్లేదండి. తినేది నేనొక్కదాన్నే కదా, పేరు పెట్టేవాళ్ళెవరు?"

పొద్దున్న ఆవిడ బడికి బయల్దేరే ముందు ఐదు నిమిషాలు దడి దగ్గర మాట్లాడుకునేవాళ్ళం. నేను హాలు వైపు, ఆవిడ ఇంటి వైపు. ఏనాడూ ఆ దడి దాటలేదు. ఆవిడ మాట్లాడుతుంటే కుడిచేతి వేళ్ళు గొడుగుపిడి మీద నడుస్తూ ఉండేవి, అక్కడ మెట్లున్నట్టే.

సంగీత దర్శకులందరినీ ఆవిడ టైటిల్స్‌తోనే బేరీజు వేసేది. "కొందరున్నారండి, సినిమాలో ఉన్న పాటల ముక్కలన్నీ తెచ్చి ఇక్కడ బొంతలా కుట్టేస్తారు. బద్ధకమండి అది. కొందరు మొదట్లోనే ఉన్న వాయిద్యాలన్నీ ఒకేసారి మోగించేసి, తర్వాత ఏం చెయ్యాలో తెలీక తిప్పలు పడతారు. బాగా తెలిసినవాడు ఏం చేస్తాడంటేనండి, కథంతా ముందే చెప్పేస్తాడు. చెప్పినట్టు మనకి తెలీనివ్వడు."

ఒక సినిమా వచ్చిన మర్నాడే అడిగింది. "ఇందులో పెళ్ళి కూతురు చనిపోతుందాండీ?"

"ఆయ్. మీకెవరు చెప్పేరండి?"

"సన్నాయి మొదలెట్టి మధ్యలో ఆపేసేడండి. మళ్ళీ ఎత్తుకోలేదు. బతికుంటే ఎత్తుకునేవాడు కదా."

ఆ సినిమా అప్పటికి నేను మూడుసార్లు ఆడించాను. సన్నాయి ఉన్నట్టే నాకు తెలీదు. ఆపరేటరు కళ్ళన్నీ మిషన్‌లో వెలుగు కోసం మండే కార్బన్ల మీదే ఉంటాయి. వెలుగు తగ్గితే కింద ఈలలు, తిట్లు. చెవుల సంగతి ఎవడిక్కావాలి? ఆవిడ చెప్పాకే వినడం నేర్చుకున్నాను. ఆ రోజు నుంచీ పేర్లు కత్తిరించడం మానేశాను. ప్రొప్రయిటరుగారు తిడితే తిట్టించుకున్నాను.

అప్పుడొచ్చింది ఆ సినిమా. మొదట్లో డప్పులు, బాకాలు, ఊరేగింపులా గోల. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి. ఒక్క వయొలిను మాత్రం మిగులుతుంది. నాలుగు మెట్లెక్కి, మూడు దిగి, అక్కడే నిలబడిపోతుంది. మళ్ళీ ఎక్కుతుంది. నిమిషం కూడా ఉండదు. తర్వాత మళ్ళీ డప్పులు.

మూడో రోజు పొద్దున్న ఆవిడ దడి దగ్గర నాకన్నా ముందే నిలబడి ఉంది. "ఆపరేటరుగారూ, ఒక్క సాయం చేస్తారాండీ? ఆ వయొలిను ఒక్కటీ వస్తుంది చూడండి, అప్పుడు తెర మీద ఎవరి పేరు పడుతుందో చూసి చెప్పండి. హీరోయిన్‌దేమోనని నా అనుమానం."

ఆ సాయంత్రం కార్బన్లు సరిచేసుకుని, కన్నంలోంచి కళ్ళు చిట్లించి చూసి, సిగరెట్టు పెట్టె వెనకాల రాసుకున్నాను. మర్నాడు చదివాను. "హీరోగారికీ హీరోయిన్‌కీ డప్పులేనండి. వయొలిను వచ్చినప్పుడు పడేది లైట్లవాళ్ళు, సెట్టింగులు మోసేవాళ్ళు, బట్టలవాళ్ళు, వంటవాళ్ళు. అందరివీ కలిపి ఒకే అట్ట మీద, చిన్నక్షరాలు."

"వంటవాళ్ళ పేర్లు కూడా వేస్తారాండీ?" అందావిడ.

"వేస్తారండి. ఎవరూ చదవరు."

"ఇంత గొప్పది వాళ్ళకి పెట్టేడాండీ."

నా నోరు ఊరుకుంటుందా? "అది అనుకోకుండా పడి ఉంటుందండి. సంగీతం ఒకరు కడతారు, పేర్లు ఇంకొకరు అతికిస్తారు" అన్నాను.

"అయుండొచ్చండి. పడింది కదా మరి" అని కళ్ళు తుడుచుకుంది. "మా నాన్నగారు ఉపదేశి కాకముందు పాలేరండి. మా తాత కూడా పాలేరే. వాళ్ళ పేరు సమాధి మీద కూడా లేదు."

బడి గంట కొట్టారు. ఆవిడ గొడుగు వేసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడింది. "నేనొక పని చేస్తున్నానండి. మంచో చెడో తెలీదు. మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పెద్దవాళ్ళు పోతే గుళ్ళో పాడేవాళ్ళందరూ వస్తారండి, నాలుగేసి కీర్తనలు పాడతారు. కూలివాళ్ళు పోతే ఎవరూ రారండి, పనిరోజు కదా. సమాధుల దొడ్లో గుడి అయ్యగారూ, నేనూ, నా పెట్టే. మట్టి వేస్తుంటే ఆ చప్పుడు వినలేమండి. అప్పుడు ఇది వాయించేను. ఆ వయొలిను ముక్క. ఇప్పటికి ఐదుగురికి వాయించేను."

"పోల్చుకోరాండీ ఎవరూ?"

"మాటల్లేవు కదండీ. పాటైతే చంటిపిల్లాడు కూడా పట్టేస్తాడు. ఇదెవరూ వినరు. మా పెద్దలేమో పాత దొరల కాలం నాటి రాగం అనుకుంటున్నారండి. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు." వేళ్ళు గొడుగుపిడి మీద ఆగిపోయాయి. "తెలిస్తే పెట్టె ముట్టుకోనివ్వరండి. నాకున్నది అదొక్కటే. ఎవరికీ చెప్పకండేం."

"ఆయ్, చెప్పనండి" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. చెబుతానని నేను మాత్రం అనుకున్నానా?

రెండేళ్ళు గడిచాయి. మా హాల్లో గేటు దగ్గర టిక్కెట్లు చింపే సత్యానందం కామెర్లతో పోయాడు. ఆ సంఘం మనిషే. గేటు దగ్గర నిలబడి సినిమాలన్నీ సగం సగం చూసినవాడు. హాల్లో పనిచేసేవాళ్ళం నలుగురం వెళ్ళాం. సమాధుల దొడ్లో కొబ్బరి చెట్ల కింద బల్ల మీద హార్మోనియం పెట్టుకుని టీచరుగారు నిలబడింది. మట్టి వేయడం మొదలవగానే వాయించింది.

నాలుగు మెట్లెక్కి, మూడు దిగి, నిలబడింది. మా హాల్లో అన్నిసార్లు విన్నాను, అది అలా ఎన్నడూ వినపడలేదు. సత్యానందం పేరు ఏ తెర మీదా పడలేదు, పడదు. ఆ క్షణాన పడినట్టే అనిపించింది. బావురుమన్నాను.

నా పక్కన సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. మంచాయనే. నా భుజం మీద చెయ్యి వేసి, "మా దొరసానమ్మగారి కాలం నాటి రాగమండి ఇది. ఇలాంటివి ఇప్పుడెవరు కడతారు?" అన్నాడు.

ఇక్కడ నేను ఊరుకుంటే ఈ రాత లేదు. ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలీదు. ఏడుస్తూ ఉన్నానా, గర్వం పొంగిందా, ఆవిడ గొప్పతనం ఎవరికీ తెలీదని ఉక్రోషమా?

"దొరసాని ఎక్కడండీ బాబూ, సినిమాది" అన్నాను. సినిమా పేరు చెప్పాను. లైట్లవాళ్ళ పేర్లు పడేటప్పుడు వస్తుందని చెప్పాను. అది కూడా చాలక, "టీచరుగారికి ఏ పేరు దగ్గర వస్తుందో చూసి చెప్పింది నేనేనండి, రోజూ పొద్దున్నే దడి దగ్గర మాట్లాడుకుంటాం" అన్నాను.

"అలాగాండీ" అన్నాడాయన. చెయ్యి నా భుజం మీంచి మెల్లిగా తీసేశాడు.

ఆదివారం గుడి అయ్యాక పెద్దలు కూర్చున్నారట. జరిగింది నాకు సత్యానందం భార్య చెప్పింది.

"సినిమా చూసేరా?" అని అడిగారట.

"చూడలేదండి."

"మరి ఎవరి పేరు ఎప్పుడు పడుతుందో మీకెలా తెలుసు?"

"ఆపరేటరుగారు చెప్పేరండి."

"ఆపరేటరుకీ మీకూ రోజూ ఏం మాటలండీ?"

ఆ మాటకి ఆవిడ లేచి వెళ్ళి హార్మోనియం తిత్తి మూసి, కొక్కెం పెట్టి, పెట్టెకి తాళం వేసి, తాళంచెవి బల్ల మీద ఉంచి వచ్చేసిందట. సినిమా రాగం వాయించినందుకు కొన్నాళ్ళు మాన్పించి ఊరుకునేవాళ్ళేమో. నా దడి ముచ్చట వల్ల ఆవిడ మళ్ళీ ఆ గడప తొక్కలేని మాట ఒకటి ఊళ్ళో పుట్టింది. ఆవిడా నేనూ దడికి చెరోవైపు తప్ప ఎన్నడూ లేం. అది ఎవరికి చెప్పను? చెప్పేకొద్దీ ముదిరే మాట అది.

సోమవారం పొద్దున్న దడి దగ్గరకి వెళ్ళాను. ఆవిడ గొడుగు తీసుకుని బయటికొచ్చింది. "తప్పయిపోయిందండి టీచరుగారూ" అన్నాను.

"మీరు అబద్ధం చెప్పలేదు కదండీ" అంది నావైపు చూడకుండానే. "వెళ్ళండి. ఇక్కడ నిలబడకండి, ఎవరైనా చూస్తారు."

తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం, మళ్ళీ బాడుగకి వచ్చిన అదే సినిమా మా హాల్లో నడుస్తోంది. పేర్లు మొదలుపెట్టి, సౌండు పెంచి, కార్బన్లు సరిచేసి, మెట్లు దిగి హాలు వెనక్కి పరిగెత్తాను. పైన వెలుగు తగ్గిపోయి జనం ఈలలు వేస్తున్నారు. వెయ్యనీ. వయొలిను మొదలైంది. ఆవిడ వంటింటి కిటికీ వేసి ఉంది. మూసిన తలుపుల వెనకాల పంపు స్టవ్వు బుస్సుమని మోగుతోంది. ఆర్పలేదు. వయొలిను ఎక్కింది, దిగింది, నిలబడింది. స్టవ్వు మోగుతూనే ఉంది. ఆ రోజు ఆవిడింట్లో అన్నం బాగా ఉడికి ఉంటుంది.

బడి సెలవులవగానే అల్లవరం వైపు ఏదో చిన్న బడికి మార్పించుకుని వెళ్ళిపోయింది. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఆ స్టవ్వు. రిక్షాలో అన్నీ పట్టాయి.

ఆ వీడియో గొడవ జరిగిన నెలకనుకుంటాను, ఓడలరేవులో మా చెల్లెల్ని చూడ్డానికి అల్లవరం మీదుగా బస్సులో వెళుతున్నాను. ఎదురుగా శవయాత్ర వస్తుంటే డ్రైవరు బస్సు పక్కకి తీసి ఆపాడు. ముందు నలుగురు బ్యాండువాళ్ళు. శవం వెనకాల పట్టుమని పదిమంది లేరు. క్లారినెట్టు నాలుగు మెట్లెక్కింది, మూడు దిగింది, నిలబడింది.

బస్సు దిగిపోయాను. సంచీ లోపలే మర్చిపోయాను. పదిమందితో పాటు సమాధుల దొడ్డి దాకా నడిచాను. పోయినవాడు కొబ్బరికాయలు దింపే కూలి, చెట్టు మీంచి పడ్డాడట. మట్టి వేసేదాకా అదే వాయించారు. అంతా అయ్యాక క్లారినెట్టు అతను గోడ పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. ముప్ఫై లోపు వయసు.

"ఇదెవరు నేర్పేరు బాబూ?" అన్నాను.

"మా టీచరుగారండి. బళ్ళో పిల్లలందరికీ అన్నం ప్లేటు మీద తాళం వేయించి నేర్పేరండి. నాకొక్కడికే పట్టుబడింది. పెద్దోళ్ళకి చాలా ఉన్నాయిరా, ఇది మటుకు చిన్నోళ్ళు పోయినప్పుడు వాయించరా అనేవారు."

"ఎక్కడుంటారు ఆవిడ?"

"పోయారండి, కిందటేడు వానల్లో. జొరమని రెండ్రోజులు బడికి రాకపోతే మేమే తలుపు తీసి చూసేం. ఎవరూ లేరు కదండీ."

"ఆవిడకి వాయించేవా?"

"వాయించేనండి. నేనొక్కణ్ణే. డప్పులోళ్ళు ఏదో పెళ్ళికెళ్ళిపోయేరు."

డప్పుల్లేకుండా, ఒక్కటే. అది అలాగే వాయించాలని అతనికి తెలీదు. బీడీ పారేసి, లేచి, నన్ను తేరిపార చూశాడు. బస్సు దిగి వచ్చి ఏడ్చేవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

"ఏ పాటండీ ఇది అని ఎన్నిసార్లడిగినా చెప్పలేదండి. చెబితే వాయించనివ్వరురా అనేవారు. ఇక్కడందరూ పాత దొరల కాలం నాటిదంటారు. మీరు పెద్దవారు, మీకేమన్నా తెలుసాండీ?"

సినిమా పేరు నాలిక చివరికొచ్చింది. సంగీతం కట్టినాయన పేరు వచ్చింది. ఒకే అట్ట మీద చిన్నక్షరాలతో ఉన్న లైట్లవాళ్ళూ వంటవాళ్ళూ అందరూ వరసగా వచ్చి నా పళ్ళ వెనక నిలబడ్డారు. అయ్యగారు అక్కడే ఉన్నారు, పుస్తకం మూసి నావైపే చూస్తున్నారు.

"తెలీదు బాబూ" అన్నాను. "దొరల కాలం నాటిదే అయుంటుంది."

వెనక్కి వచ్చేసరికి బస్సు లేదు, సంచీ లేదు. ఓడలరేవు దాకా నడిచే వెళ్ళాను. సంచీ ఎలా పోయిందని ఇంటికొచ్చాక మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పలేదు. ఆ ఒక్క నువ్వుగింజ నా నోట్లో నానింది, పన్నెండేళ్ళు ఆలస్యంగా.